కీళ్లు చూస్తారు, కళ్లు చూస్తారు... చెవి ఎవరు చూడాలి?

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులైన లూపస్‌కో, కీళ్లు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు వాడేవారిని డాక్టర్లు తప్పకుండా కంటి పరీక్షకు పంపుతారు. మందు మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా ఒకసారి చూపించుకోవాలన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. కంటి వెనక పొర రెటీనా దెబ్బతినే ముప్పు నిజానికి తక్కువే. కానీ ఒకసారి దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు కాబట్టి ఈ జాగ్రత్త. చెవి సంగతీ అంతే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే వెంట్రుక కణాలు మనిషికి పోతే మళ్లీ పుట్టవు. అయినా ఆటోఇమ్యూన్ జబ్బున్నవారి ఫైలు తిరగేస్తే రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, కిడ్నీ రిపోర్టులు కుప్పలుగా ఉంటాయి, వినికిడిని గీతగా చూపే ఆడియోగ్రామ్ మాత్రం వెతికినా దొరకదు.

ఆటోఇమ్యూన్ జబ్బు చెవినీ దెబ్బతీయగలదన్నది వైద్యానికి కొత్తేమీ కాదు. 1979లో బ్రయాన్ మెకేబ్ అనే ఈఎన్‌టీ సర్జన్ 18 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వయసుతో వచ్చే చెవుడు ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. వీళ్లకు మాత్రం వారాల్లో, నెలల్లోనే వినికిడి పడిపోయింది. స్టెరాయిడ్ల లాంటి మందులతో రోగనిరోధక వ్యవస్థ జోరు తగ్గిస్తే కొంత తిరిగొచ్చింది. లోపలి చెవి సమస్య వల్ల వచ్చే చెవుడుకు మందు లేదని అంతా అనుకుంటున్న రోజుల్లో ఇది పెద్ద మాట. మెదడులాగే లోపలి చెవికీ రక్తం నుంచి రక్షణగా ఒక అడ్డుగోడ ఉంది కాబట్టి రోగనిరోధక వ్యవస్థ అక్కడికి చొరబడదని అప్పట్లో నమ్మేవారు. ఆ నమ్మకం నిలవలేదు.

చెవి దెబ్బతినే దారి ఒకటే కాదు. లోపలి చెవికి రక్తం తెచ్చే ధమని ప్రధానంగా ఒక్కటే, అది మూసుకుపోతే ఆదుకోవడానికి పక్కదారి లేదు. అందుకే రక్తనాళాల్లో వాపు వచ్చే జబ్బుల్లో, రక్తం గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌లో వినికిడి ఉన్నట్టుండి పోవచ్చు. కోగన్ సిండ్రోమ్‌లో కళ్లు ఎర్రబడి మంట పుట్టడం, తల తిరగడం, చెవులు వినబడకపోవడం దాదాపు కలిసే వస్తాయి. 1945లో దాన్ని వివరించిన డేవిడ్ కోగన్ కంటి డాక్టర్ కావడం గమనించాలి. మధ్య చెవిలోని బుల్లి ఎముకల మధ్య ఉన్నవీ కీళ్లే, అక్కడా వాపు రావొచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ తీవ్రతను కొలవడానికి డాక్టర్లు ఒంట్లో 28 కీళ్లు నొక్కి లెక్కపెడతారు. ఆ లెక్కలో ఇవి లేవు, ఉండే వీలూ లేదనుకోండి.

కొన్నిసార్లు మందే కారణం. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో చెవిలో గుయ్‌మనిపిస్తుంది. ఆపితే సాధారణంగా తగ్గిపోతుంది. థైరాయిడ్ వల్ల కళ్లు ఉబ్బే జబ్బుకు 2020లో అమెరికాలో అనుమతి పొందిన టెప్రోటుముమాబ్ వాడినవారిలో, ట్రయల్స్‌లోనే దాదాపు పది శాతం మందికి వినికిడి ఇబ్బందులు కనిపించాయి.

అసలు చిక్కు రోగనిర్ధారణ దగ్గర వస్తుంది. ఆటోఇమ్యూన్ చెవుడును కచ్చితంగా తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. హెచ్ఎస్‌పీ-70 అనే ప్రొటీన్‌పై తయారయ్యే యాంటీబాడీల మీద ఒకప్పుడు చాలా ఆశలు పెట్టుకున్నారు గానీ, నమ్మకంగా ఆధారపడేంత పని అది చేయలేదు. మిగిలినవి రెండే: వరుసగా తీసిన ఆడియోగ్రామ్‌లలో గీత ఎంత వేగంగా కిందికి దిగుతోంది, స్టెరాయిడ్ ఇస్తే మళ్లీ పైకి లేస్తోందా. గీత దిగిందని చెప్పాలంటే మొదట అది ఎక్కడుందో తెలియాలి కదా! నేను పట్టుబట్టేది ఇక్కడే. జబ్బు నిర్ధారణ అయిన రోజుల్లో తీసిన ఒక్క ఆడియోగ్రామ్ ఫైల్లో ఉంటే, ఐదేళ్ల తర్వాత వచ్చే ఫిర్యాదును దేనితో పోల్చాలో డాక్టరుకు తెలుస్తుంది. లేకపోతే ‘మీకు ముందునుంచీ ఇంతేనేమో’ అనే మాట దగ్గరే ఆగిపోతాం.

రోగి చెప్పే లక్షణాలు కూడా దారి తప్పించేలా ఉంటాయి. చెవి దిబ్బడేసినట్టుంది, నీళ్లు పోయినట్టుంది, గుయ్‌మంటోంది అంటారు. ఇవన్నీ జలుబుకూ, గుబిలికీ సరిపోయే మాటలే. దాంతో చుక్కల మందు రాసి పంపేస్తారు. ‘మాట వినబడుతోంది గానీ ఏమన్నారో అర్థం కావట్లేదు’ అన్న ఫిర్యాదు ఇంకా మోసం చేస్తుంది. శబ్దం అందుతున్నా మాటలు విడివిడిగా తెలియకపోవడం లోపలి చెవి దెబ్బకు పెద్ద గుర్తు. ఇంట్లోవాళ్లు దాన్ని పరధ్యానమంటారు, రోగి నీరసమనుకుంటాడు. పైగా ఈ చెవుడు హెచ్చుతగ్గులతో నడుస్తుంది. బాగున్న రోజున పరీక్ష చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

దిబ్బడకూ లోపలి చెవి దెబ్బకూ తేడా పట్టడానికి ఖరీదైన యంత్రంతోనే మొదలుపెట్టక్కర్లేదు. ఒక చెవిని వేలితో మూసి, నోరు తెరవకుండా ‘మ్’ అని హమ్ చేసి చూడండి. శబ్దం మూసిన చెవి వైపే గట్టిగా వినిపిస్తుంది. డాక్టరు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మధ్య ఆనించినప్పుడు జరిగేదీ ఇదే. గుబిలి, నీరు లాంటి అడ్డు ఉంటే శబ్దం ఆ చెవి వైపు మొగ్గుతుంది. లోపలి చెవి దెబ్బతింటే బాగున్న చెవి వైపు వెళ్తుంది. అర నిమిషం పని. కాకపోతే రెండు చెవులూ సమానంగా దెబ్బతింటే ఫోర్క్ ఏమీ చెప్పలేదు, ఆటోఇమ్యూన్ చెవుడు ఎక్కువగా రెండు వైపులా వచ్చేదే. అందుకే చివరికి ఆడియోగ్రామ్ తప్పదు.

అందరికీ ఏటా వినికిడి పరీక్షలంటే టెన్షన్ పెంచడమే కదా అన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. మొత్తం చెవుడు కేసుల్లో పూర్తిగా ఆటోఇమ్యూన్ కారణంతో వచ్చేవి ఒక శాతం లోపేనని అంచనా. లూపస్ ఉన్నవారిలోనూ ఎక్కువమందికి చెవులు బాగానే ఉంటాయి. ఏటా పరీక్ష చేయాలని నేనూ అనను. మొదట్లో ఒక్కటి చాలు, ఆపైన ఫిర్యాదు వచ్చినప్పుడు, చెవికి హాని చేసే మందు మొదలుపెట్టేటప్పుడు. అది నొప్పీ, సూదీ లేని పరీక్ష.

సమయానికి పట్టుకుంటే అద్భుతాలు జరుగుతాయనీ చెప్పలేం. సాధారణంగా రోజుకు 60 మిల్లీగ్రాముల దాకా ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ నాలుగు వారాలపాటు ఇచ్చి చూస్తారు. మొదట్లో సగానికి పైగా రోగులకు ఎంతోకొంత మేలు కనిపిస్తుంది. తర్వాత చాలామందిలో ఆ ప్రభావం సన్నగిల్లుతుంది. స్టెరాయిడ్‌తో దక్కిన వినికిడిని మెథోట్రెక్సేట్ నిలబెడుతుందేమోనని చూసిన ట్రయల్ ఫలితాలు 2003లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగ్గా పనిచేయలేదు. కీళ్లకు పనికొచ్చిన మందు చెవికీ పనికొస్తుందన్న లెక్క అక్కడ తప్పింది. వినికిడి పూర్తిగా పోయినవారికి లోపలి చెవిలో ఆపరేషన్‌తో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ బాగానే ఉపయోగపడుతుంది. అక్కడా ఆలస్యం చేటే. వాపు వల్ల కొందరిలో, ముఖ్యంగా కోగన్ సిండ్రోమ్ ఉన్నవారిలో, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కాక్లియా లోపల ఎముక పెరిగి ఎలక్ట్రోడ్ దూరడం కష్టమవుతుంది.

ఇక మిగిలింది ఈ పని ఎవరిదన్న తగాదా. ఈ కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టు చెవి తన పరిధి కాదంటారు. ఈఎన్‌టీ డాక్టరుకు రోగి కీళ్ల చరిత్ర ఎవరూ చెప్పరు. వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు చేతికి రిపోర్టు వస్తుంది గానీ మందు రాసే అధికారం ఉండదు. బాధ్యత రుమటాలజీ క్లినిక్‌దే అంటాను నేను. రోగిని ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా చూసేది వాళ్లే. కీళ్ల గురించి అడిగినప్పుడే ‘ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటున్నారు, ఈమధ్య మార్చారా?’ అని అడగొచ్చు. అపాయింట్‌మెంట్ ఇచ్చేవారికి కూడా ఒక్క సూచన అవసరం. ఆటోఇమ్యూన్ జబ్బున్న మనిషి ఫోన్ చేసి రెండు మూడు రోజులుగా చెవి వినబడట్లేదంటే మూడు వారాల తర్వాతి తేదీ ఇవ్వకూడదు. హఠాత్తుగా వచ్చే చెవుడుకు స్టెరాయిడ్ మొదలుపెట్టాల్సిన గడువు మొదటి రెండు వారాలే.