ఆర్డరు 37 గారికి, నోటు చేత పట్టుకున్నవారి విన్నపం

మహారాజశ్రీ సివిల్ ప్రొసీజర్ కోడు, 1908, ఆర్డరు 37 గారి సముఖమునకు, అప్పిచ్చి నోటు చేత పట్టుకుని తిరుగుతున్నవారు వ్రాసుకొను విన్నపం.

అయ్యా, కాగితం మీద ఖాయంగా ఉన్న బాకీకి త్వరగా డిక్రీ ఇప్పించే పద్ధతి తమరిదని తమరి కీర్తి మేము చాలాకాలంగా వింటున్నాము. మామూలు దావాలో తన వాదన వినిపించుకోవడం ప్రతివాదికి హక్కయితే, తమరి దావాలో అది కోర్టువారిని అడిగి పుచ్చుకోవలసిన అనుమతి. ప్రామిసరీ నోటో, హుండీయో (వర్తకుల చెల్లింపు చీటీ), ఇంత సొమ్మని ఖాయంగా తేలే వ్రాతపూర్వక ఒప్పందమో, హామీపత్రమో ఉన్నవాడు, దావా నంబరు క్రింద తమరి పేరు వ్రాసి, ఇది తమరి పద్ధతిలో వేసిన దావా అని ప్లెయింటులో, అనగా దావా పత్రంలో, స్పష్టంగా చెప్పుకుంటే చాలునట. సమన్లు అందిన పదిరోజులలో ప్రతివాది హాజరు నమోదు చేసుకోకపోతే, ప్లెయింటులోని ప్రతి మాటా అతను ఒప్పుకున్నట్టే భావించి డిక్రీ ఇస్తారట. ఇది చదివిన రోజున మాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

తరువాత తెలిసిందేమిటంటే, తమరి పదిరోజులు సమన్లు అందిన తరువాతే మొదలవుతాయి. సమన్లు అందించే కోర్టు ఉద్యోగి అమీనా వెళ్లిన రోజున ప్రతివాది ఇంటికి తాళం ఉంటుంది. రెండవసారి వెళితే ఊరిలో లేడని పక్కింటివారు చెబుతారు. మూడవసారి ఇంటి పేరులో ఒక అక్షరం తప్పు పడిందని కాగితం తిరిగి వస్తుంది. ఇన్ని నెలలలోనూ ఆ పెద్దమనిషి మాకు ప్రతి పెళ్లిలోనూ కనబడి క్షేమసమాచారాలు అడుగుతూనే ఉంటాడు. చివరకు కోర్టువారి ఉత్తర్వుతో తలుపుకు సమన్లు అంటిస్తే, మర్నాడే వకాల్తా దాఖలవుతుంది.

అక్కడితో అయిపోయిందనుకోవడం మా అమాయకత్వం. హాజరైనవాడికి తీర్పు కోసం మరొక సమన్లు పంపాలి. దానితోపాటు, ప్రతివాదికి చెప్పుకోవడానికి ఏమీ లేదని మా నమ్మకమంటూ మేము ప్రమాణపత్రం వ్రాసివ్వాలి. చెప్పుకోవడానికి ఏమీ లేని ప్రతివాది ఈ లోకంలో పుట్టలేదని తెలిసి కూడా సంతకం చేస్తున్నాము. అది అందాక వాదించే అనుమతి అడగడానికి అతనికి మళ్లీ పదిరోజులు, ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమనే దరఖాస్తు, దానికి మా జవాబు కౌంటరు, ఆ కౌంటరుకు వాయిదాలు. 1976 సవరణకు ముందు హాజరు కావడానికే అనుమతి అడగవలసి ఉండేదట. ఇప్పుడు వాదించడానికి మాత్రం అడిగితే చాలు. ప్రతివాది పని అంత సులువయింది.

ఇక అతని ప్రమాణపత్రం గురించి. రెవెన్యూ స్టాంపు మీద సంతకం తనదే, పైన ఉన్న వ్రాత మాత్రం తనది కాదు. అది చిట్టీ పాట పాడినప్పుడు పూచీగా ఇచ్చిన ఖాళీ నోటు. పైగా సొమ్ము ఎప్పుడో చెల్లించాడు, నోటు వాపసు అడగడానికి మొహమాటపడ్డాడు. అసలు మేమెవరమో అతనికి తెలియదు. ఈ నాలుగూ ఒకే కాగితంలో, ఒకే ప్రమాణం మీద ఉంటాయి. నోటు వెనుక అతని స్వహస్తంతో ‘వెయ్యి రూపాయలు చెల్లు’ అని వేసిన వ్రాత చూపిస్తే, అది కూడా ఫోర్జరీ అంటాడు. గడువును పొడిగించే ఆ చెల్లు నిలవకపోతే మూడేళ్ల కాలపరిమితి దాటినట్టే కనుక, మా నోటు బ్రతుకంతా ఆ ఒక్క పంక్తి మీద ఆధారపడి ఉంటుంది.

ఖాళీ నోట్లపై సంతకాలు చేయించుకుని తరువాత తమకు తోచిన అంకె వేసుకునే వడ్డీవ్యాపారులు మన ఊళ్లలో లేరని మేము అనము. వారి చేతికి చిక్కినవాడికి ఈ అనుమతి ఉండి తీరాలి. అయితే సుప్రీంకోర్టువారు 2016లో ఐడీబీఐ ట్రస్టీషిప్ కేసులో వాదనలను తరగతులుగా విడదీసి, బలమైన వాదనకు షరతులు లేని అనుమతి, నమ్మశక్యం కాకపోయినా జరిగి ఉండవచ్చునేమో అనిపించే కథకు సొమ్ము డిపాజిట్టు చేయించి అనుమతి అని చెప్పినప్పటి నుండి, ప్రతివాదులందరూ తమ కథను మొదటి తరగతిలోకి ఎక్కించే ప్రయత్నంలో ఉన్నారు. ఎక్కితే చాలు, మా దావా మామూలు దావాలలో కలిసి, సాక్షుల చీఫు విచారణ, క్రాసు విచారణ, చేతివ్రాత నిపుణుడు అంటూ నడుస్తుంది. అనుమతి దరఖాస్తు మీద గడిచిన కాలం మాకు అదనపు లాభం. మేము ఎరిగిన ఒక వకీలుగారు ఇది ముందే చూసి, నోటు దావాలన్నీ మామూలు పద్ధతిలోనే వేస్తారు. తమరి పేరెత్తితే నవ్వి ఊరుకుంటారు.

ఒకవేళ డిక్రీ వచ్చినా, తమరి పని అక్కడితో సరి. వసూలుకు వేరే ఈపీ, అనగా డిక్రీ అమలు దరఖాస్తు, వేయాలి. ఇల్లు ముందే భార్య పేరున మారి ఉంటుంది. జీతం జప్తు చేద్దామంటే 60వ సెక్షను ప్రకారం మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టరాదు. అదీ కాదంటే అతను ఐపీ, అనగా దివాలా దరఖాస్తు, పెట్టి, అప్పులవాళ్ల జాబితాలో మమ్మల్ని కూడా చేర్చి నోటీసు పంపుతాడు.

కావున మా ప్రార్థన ఏమనగా, తమరివి ఏడు నియమాలే కనుక తీరిక ఉండకపోదు. అమలు వ్యవహారాలు చూసే ఆర్డరు 21 గారికి మా గురించి ఒక సిఫారసు ఉత్తరం వ్రాసిపెట్టగలరు. వారివి 106 నియమాలట. డిక్రీ అమలుకు గడువు పన్నెండేళ్లు కనుక, ఉత్తరం నిదానంగా వ్రాసినా ఫరవాలేదు.

ఇట్లు,
డిక్రీదారులు