భోజనం మధ్యలో గ్లాసు నీళ్లు: విషమన్న మాటలో నిజమెంత?

ఎండలు ముదిరాయంటే విజయవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. భోజనానికి గంట ముందు నుంచి గంట తరువాతి వరకు నీళ్లు ముట్టకూడదని, ముడితే జఠరరసం పలచబడి అన్నం అరగదని అందులో ఉంటుంది. చల్లని నీళ్లయితే తిన్న నూనె పేగుల్లో గడ్డకట్టి క్యాన్సరుకు దారితీస్తుందని, భోజనానంతరం తిన్న పండు కడుపులో కుళ్లిపోతుందని కూడా ఉంటుంది. వీటికి బలం చేకూర్చడానికి చివర ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుని పేరుతో ఒక శ్లోకపాదాన్ని తగిలిస్తారు.

జఠరరసం పలచబడుతుందనేది ఇందులో అసలు వాదన. ఒకసారి ఊరి అంతటితో ఆగిపోయే రసమైతే ఆ భయానికి అర్థముండేది. జీర్ణాశయంలో రోజుకు దాదాపు 2 లీటర్ల రసం ఊరుతుంది. ఆహారంలోని మాంసకృత్తులు తగలగానే గాస్ట్రిన్ అనే హార్మోను విడుదలై ఆమ్లాన్ని మరింత ఊరిస్తుంది. ఆమ్లత మితిమీరితే సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోను దానికి పగ్గం వేస్తుంది. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్; ఆమ్లత పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. కడుపులో పరగడుపున 1.5 నుంచి 2 వరకు ఉండే పీహెచ్, తిన్న వెంటనే 4 లేదా 5 దాకా పెరగడం మామూలే. నీళ్లు తాగకపోయినా అలా పెరుగుతుంది, ఎందుకంటే పప్పులోని, పెరుగులోని మాంసకృత్తులే ఆమ్లాన్ని పట్టుకుంటాయి. ఆ తరువాత కొత్తగా ఊరిన ఆమ్లంతో అది మళ్లీ దిగివస్తుంది.

లెక్క కూడా చూద్దాం. గవర్నర్‌పేటలోని ఏ మెస్సులో కూర్చున్నా పప్పు, కూర తరువాత సాంబారు, రసం, చివర మజ్జిగ వడ్డిస్తారు. వండిన అన్నం బరువులో దాదాపు 70 శాతం నీరే, మజ్జిగలో 90 శాతానికి పైగా నీరే. ఆ భోజనంతో కడుపులో 700 మిల్లీలీటర్లు చేరాయనుకుని, వాటికి 200 మిల్లీలీటర్ల గ్లాసు నీళ్లు కలిపితే, కొత్తగా ఆమ్లం ఏమీ ఊరదనుకున్నా సరే, పీహెచ్ పెరిగేది సుమారు 0.1 మాత్రమే. అది ఒక అంకె పెరగాలంటే ద్రవం పదింతలు కావాలి, అంటే ఆరు లీటర్లకు పైగా నీళ్లు ఒక్కసారిగా తాగాలి. పైగా ఘనాహారం కదలడానికి గంటలు పడితే, నీళ్లు అంతకంటే చాలా వేగంగా చిన్నపేగులోకి జారిపోతాయి. అక్కడ పిండిపదార్థాలనూ మాంసకృత్తులనూ విడగొట్టే చర్యల్లో, తెగే ప్రతి బంధానికీ ఒక నీటి అణువు ఖర్చవుతుంది. సాంబారును అనుమతించి మంచినీళ్లను నిషేధించడం ఏ తర్కమో సందేశకర్తే చెప్పాలి.

చల్లని నీళ్ల సంగతి ఇంత దూరం కూడా పోదు. వేరుశనగ నూనె గడ్డకట్టాలంటే సుమారు 3 డిగ్రీలకు చల్లబడాలి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. ఫ్రిజ్ నీళ్లు కడుపులో కాసేపటికే ఒంటి వేడికి వస్తాయి. గడ్డకట్టడమే జరగనప్పుడు దాని మీద కట్టిన క్యాన్సరు మాట నిలవదు.

పండు విషయంలో సందేశం సత్యానికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. కుళ్లడం సూక్ష్మజీవుల పని, జఠరామ్లం వాటిలో చాలావాటిని చంపుతుంది. జఠరరసం మాంసాన్ని కుళ్లనివ్వదని ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజానీ 18వ శతాబ్దంలోనే గమనించాడు. పండులోని పీచు పులిసేది పెద్దపేగులో. పండు ఏ వేళ తిన్నా అది జరుగుతుంది, అందులో పుట్టే ఆమ్లాలు పేగు గోడ కణాలకు ఆహారమవుతాయి. అంతకంటే ముఖ్యమైన విషయం ఇనుముకు సంబంధించినది. తోటకూర పప్పుతో అన్నం తిని వెంటనే ఒక జామకాయ తింటే, అందులోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును శరీరం ఎక్కువగా గ్రహించేలా చేస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్ర మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నప్పుడు, ఆ పండును పళ్లెం నుంచి దూరం చేయడం చిన్న తప్పు కాదు. నిజంగా ఇనుముకు అడ్డుపడే భోజనానంతర టీ గురించి ఈ సందేశం ఒక్క మాటా అనదు.

ఇక శ్లోకం. సందేశంలోని 'భోజనాంతే విషప్రదం', అంటే భోజనం చివర నీరు విషమన్న పాదం, చాణక్యనీతిలోనిది. దానికి ముందరి పాదం 'భోజనే చామృతం వారి', అంటే భోజన సమయంలో నీరు అమృతమని. దాన్ని కత్తిరించి మిగిలినదాన్ని పంచుతున్నారు. వాగ్భటుని అష్టాంగహృదయం భోజనం మధ్యలో నీరు తాగేవారి శరీరం సమంగా ఉంటుందనే చెబుతుంది.

గొంతులోకి ఆమ్లం ఎగదన్నే బాధ ఉన్నవారు ఒకేసారి కడుపు నిండా నీళ్లు తాగకుండా కొద్దికొద్దిగా తాగడం మంచిదే. కానీ మూడు పూటలా ముందు గంట, వెనక గంట మానేస్తే మెలకువగా ఉన్న వేళలో ఆరు గంటలకు పైగా పోతుంది. వయసు మళ్లినవారికి దాహం తెలియడమే తక్కువ; మే నెల ఎండలో వారికి ఈ నియమం వడదెబ్బ ముప్పును పెంచుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల్లో వైద్యులు విధించే నీటి పరిమితి రోజు మొత్తానికి వేసే లెక్క, భోజనానికి ముందూ వెనకా అన్న తేడా అందులో లేదు.