మైపాడులో ఇసక తప్ప ఏముంది అనేవాళ్లకి

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆదివారం మధ్యాహ్నం నెల్లూరు దగ్గరి మా మైపాడు బీచిలో కార్లలో దిగుతారు, బజ్జీలు తింటారు, మోకాలి లోతు నీళ్లలో నాలుగు ఫొటోలు దిగుతారు, చీకటి పడేలోపు ట్రాఫిక్‌లో హారన్ కొట్టుకుంటూ నెల్లూరు చేరిపోతారు. ఆనక 'గోవాలా లేదు' అని ఒక తీర్పు. గోవాలా ఎందుకుండాలి సామీ?

నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు కూడా లేని ఆ దారిలో ఒక్కడైనా బండి ఆపుతాడా? ఇందుకూరుపేట దాటాక రొయ్యల గుంటల దగ్గర ఆపి చూడండి. నీళ్లలోకి గాలి కలిపే మిషన్లు, ఏరియేటర్లు, రాత్రీ పగలూ నీళ్లు చిమ్ముతుంటాయి. అర్ధరాత్రి కరెంటు పోయి, జనరేటర్ మొరాయించిందా, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు తెల్లారేసరికి తేలిపోతాయి. రైతు గట్టు మీదే మంచం వేసుకునేది అందుకే. మీరు ప్లేటులో వేయించుకు తినే రొయ్య వెనక ఇంత టెన్షన్ ఉంది.

అదే మండలంలో, పెన్న ఒడ్డున పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు గారు నడుం కట్టారు, పొణకా కనకమ్మ గారు స్థలమిచ్చారు. సబర్మతికి టికెట్ బుక్ చేసుకుని వెళ్లొచ్చిన మా బంధువు ఒకాయనకి పల్లిపాడు పేరే తెలీదు! పుట్టి పెరిగింది నెల్లూరులోనే.

బకింగ్‌హామ్ కాలువ సంగతీ అంతే. ఒకప్పుడు మద్రాసుకి ఉప్పూ కట్టెలూ పడవల్లో వెళ్లిన దారి. ఇప్పుడు వంతెన మీద స్పీడు తగ్గించేవాడు లేడు.

అసలు చూడాల్సింది జాలర్లుండే పట్టపుపాలెం, అదీ తెల్లారేటప్పుడు. పడవలు ఒడ్డెక్కుతుంటాయి, ఆడవాళ్లు గంపలతో కాచుక్కూర్చుంటారు. వలలోంచి నెత్తళ్లు, అవే ఆ చిన్న చేపలు, దులుపుతుంటే ఇసకంతా వెండి పొడి చల్లినట్టుంటుంది. వంజరం చేప పడిందా, వేలంపాట మొదలైనట్టే. మొహాల మీద ఫోన్ పెట్టకండి, అడిగి తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, అప్పుడొచ్చి చేపల్లేవని గొణక్కండి.

ఇక సీసాలు. తాగేది తాగి అక్కడే పగలగొట్టి పోతారు. మా అక్క కొడుక్కి కాల్లో పెంకు దిగి కుట్లు పడ్డాయి. 'మెయింటెనెన్స్ లేదు' అని రాసేదీ ఆ సీసాల బ్యాచే. తాగి సముద్రంలో దిగేవాళ్ల గురించి ఏం చెప్పను, ఈతొచ్చినవాణ్ణి కూడా లోపలికి లాగేసే నీళ్లవి.

ఓపికుంటే పెన్న దాటి రామతీర్థం వెళ్లండి, గుడి పక్కనే సముద్రం. ఆదివారం మాత్రం వద్దు. మామూలు రోజు చీకటితోనే బయల్దేరి, ముందు పాలెం చూసుకుని, వచ్చేటప్పుడు పల్లిపాడులో ఆగండి. చేపలు కొంటే ఐసు పెట్టె మర్చిపోవద్దు.