పెళ్లి సామ్ ఇసుక మీదా, ఊరి దగ్గర హోటల్లోనా? మేనకోడలికీ మేనమామకీ వాదన

మాఘమాసంలో పెళ్లి, జైసల్మేర్‌లో, ఓ రెండొందల మంది చుట్టాలతో. ఇంతవరకూ ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. వెన్యూ దగ్గరకొచ్చేసరికి పెళ్లికూతురికీ మేనమామకీ పడట్లేదు.

మేనకోడలు: మామయ్యా, నేనడిగేది ఒక్కటే. ఎడారి దాకా వెళ్లి కూడా ఏసీ హాల్లో పెళ్లి చేసుకునేటట్టయితే అంత దూరం వెళ్లడం ఎందుకసలు? ఊరి బయట ఇసుక తిన్నెలుండే సామ్‌లో టెంట్ క్యాంపులు బోలెడున్నాయి, స్టేజ్, లైట్లు, భోజనాలు అన్నీ వాళ్లే చూసుకుంటారు, సాయంత్రం ఆరున్నరకి పొద్దు వాలుతుంటే ఆ ఇసుకంతా ఎర్రబడుతుంది, పక్కన మాంగణియార్లు, అంటే అక్కడి జానపద గాయకులు, కూచుని కమాయచా అనే తీగల వాయిద్యం వాయిస్తూ పాడుతుంటారు, నాకు పెళ్లంటే అదే కళ్ల ముందుంది.

మేనమామ: బాగుంటుంది తల్లీ, కాదన్లేదు. కానీ ముహూర్తం ఎన్నింటికి? రాత్రి ఒంటిగంటా నలభైకి. నువ్వు చెప్పే ఎర్రటి ఇసుక ఆరున్నరకి, తాళి కట్టేది అర్ధరాత్రి దాటాక. మాఘంలో ఆ టైంకి అక్కడ చలి పది డిగ్రీల లోపుకి దిగిపోతుంది. నీ ఒంటి మీద ఉండేది మధుపర్కం, నూలు చీర, పైన శాలువా కప్పుకుని తలంబ్రాలు పోసుకుంటావా చెప్పు.

మేనకోడలు: హీటర్లు పెడతారు మామయ్యా, ఆ మాత్రం ఏర్పాటు అన్ని క్యాంపుల్లోనూ ఉంటుంది.

మేనమామ: పెడతారు, స్టేజ్ చుట్టూ పెడతారు. ఆఖరి వరసలో కూచున్న మీ అమ్మమ్మ దాకా ఆ వేడి రాదు. సరే చలి వదిలెయ్, సన్నాయి మాటేంటి? రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకులూ వాయిద్యాలూ వాయించకూడదని దేశమంతటికీ రూలుంది, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు అవి. మూసి ఉన్న హాల్లో అయితే మినహాయింపు. అంటే తిన్నెల మీద మాంగల్యధారణ టైంకి గట్టిమేళం అనడానికి వీల్లేదు. గట్టిమేళం లేకుండా తాళి కట్టించడం నా వల్ల కాదమ్మా, నేను ఒప్పుకోను.

మేనకోడలు: అక్కడ అర్ధరాత్రి దాకా డీజేలు మోగుతూనే ఉంటాయని అందరూ చెప్తారు కదా.

మేనమామ: ఎవరో మోగిస్తున్నారని మనం కూడా మోగిస్తామా? సరిగ్గా మన ముహూర్తానికే పోలీసులొచ్చి ఆపమంటే అప్పుడు ఎవరితో వాదిస్తాం? ఇంకోటి కూడా ఉంది, సామ్ పక్కనే డెజర్ట్ నేషనల్ పార్క్, బట్టమేక పిట్ట, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, మిగిలిన ఆఖరి చోట్లలో అదొకటి. దేశం మొత్తం మీద ఆ పిట్టలు రెండొందల లోపే ఉన్నాయంటారు. మన కర్నూలు దగ్గర రోళ్లపాడులో వాటి కోసమే అభయారణ్యం పెట్టుకున్నాం, అయినా అవి నిలవలేదు. ఉన్న ఆ కాసినిటి దగ్గరకి మనం లేజర్ లైట్లు పట్టుకెళ్లడం నాకు మనసొప్పదు.

మేనకోడలు: ఆ మాట నిజమే, లేజర్లు వద్దు. అయినా నేను సామే అనట్లేదు, ఖూరీ వైపు కూడా తిన్నెలున్నాయి, అక్కడ రద్దీ తక్కువ. గాలీ ఇసకా అని నువ్వు అనబోతావని తెలుసు, ఇసుక తుఫాన్లు వేసవిలో మామయ్యా, మే జూన్‌లలో. మాఘంలో అంత గాలి ఉండదు.

మేనమామ: గాలి సంగతి నువ్వన్నది కరెక్టే, ఒప్పుకుంటున్నా. కానీ నిన్ను గంపలో కూచోబెట్టి మండపానికి మోసుకొచ్చేది నేనూ మీ చిన్నమామా. అడుగేస్తే మడమ దాకా దిగిపోయే ఇసుకలో, చీకట్లో, నిన్ను గంపలో ఎత్తుకుని ఆ వాలు ఎక్కమంటావా? నా సంగతి సరే, మీ తాతయ్య వీల్‌చైర్ అక్కడ ఒక్క గజం కదలదు, చెక్కలు పరిస్తే చెక్కలున్నంత మేర వెళ్తుంది, బాత్రూం దాకా ఎవరు పరుస్తారు? ఏదన్నా అయితే ఊరికి నలభై కిలోమీటర్లు రావాలి, పెద్దాసుపత్రి కావాలంటే జోధ్‌పూర్ ఎయిమ్స్, అది ఇంకో ఐదు గంటల దారి.

మేనకోడలు: మరి నువ్వు ఎక్కడంటావ్?

మేనమామ: కోటలో. 1156లో రావల్ జైసల్ మొదలుపెట్టిన కోట, పసుపు రాయి, 99 బురుజులు, లోపల పాత హవేలీలు హోటళ్లు చేశారు. గోడలున్నా ఎడారి ఎక్కడికీ పోదు, డాబా ఎక్కితే చుట్టూ కనిపిస్తుంది.

మేనకోడలు: కోట అస్సలు వద్దు మామయ్యా, ఈ విషయంలో మాత్రం నేను తగ్గను. అది ఖాళీ కోట కాదు, ఇప్పటికీ లోపల కొన్ని వేల మంది కాపురాలున్నారు, గుడులున్నాయి, కొట్లున్నాయి. వాన పెద్దగా పడని చోటని, నీళ్లు బిందెలతో తెచ్చుకునే రోజుల్లో కట్టింది, తర్వాత పైపులొచ్చాయి, హోటళ్లొచ్చాయి, వాడేసిన నీళ్లన్నీ కిందికి ఇంకి ఆ కొండ అడుగున ఉన్న మెత్తటి పొరలు నాని కొన్ని బురుజులు కూలిపోయాయి కూడా. 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, అయినా డ్రైనేజీ బాధ తీరిపోలేదు. మన రెండొందల మంది మూడు రోజులు స్నానాలు చేసి, వంటలు వండి, గిన్నెలు తోమి ఆ నీళ్లన్నీ అక్కడే వదిలేస్తే? నువ్వు బట్టమేక పిట్ట గురించి అంత బాధపడ్డావ్, ఇది మాత్రం కాదా? పైగా ఆ సందుల్లో రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాలి, ఊరేగింపు కాదు కదా, గంప కూడా తిరగదు.

మేనమామ: ఈ నీళ్ల సంగతి నేను ఆలోచించలేదు. సరే, కోట తీసెయ్. అప్పుడు మిగిలింది ఊరి బయట హవేలీ మోడల్లో కట్టిన హోటళ్లు. సూర్యగఢ్ సామ్ రోడ్డు మీదే కదా, 2023 ఫిబ్రవరిలో సిద్ధార్థ్ మల్హోత్రా, కియారా పెళ్లి అందులోనే అయింది. ఎంత ఖర్చయినా పెట్టగలిగిన వాళ్లు, వాళ్లు కూడా హోటలే ఎంచుకున్నారు చూడు.

మేనకోడలు: వాళ్ల పెళ్లి వాళ్లది. అక్కడ రేట్లు మనం తట్టుకోలేం కానీ అలాంటివి చిన్నవి ఇంకా ఉన్నాయి, వెతకొచ్చు. కానీ నా బాధ నీకు అర్థం కావట్లేదు మామయ్యా. పంతులుగారు అరుంధతీ నక్షత్రం చూపిస్తారు కదా, ఇప్పటిదాకా నేను చూసిన ప్రతి పెళ్లిలోనూ హాలు బయటకి తీసుకెళ్లి, ఎండలో, ఆకాశం వైపు చెయ్యి చూపిస్తారు, పెళ్లికూతురు కనపడింది అని తలూపుతుంది. ఎవరికీ ఏమీ కనపడదు. మాఘంలో రాత్రి రెండింటికి సప్తర్షి మండలం బాగా పైకొచ్చి ఉంటుంది, తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్నగా అరుంధతి. చంద్రుడు లేని రాత్రయితే ఎడారిలో మామూలు కంటికే విడివిడిగా రెండూ కనిపిస్తాయి. నాకు నిజంగా చూడాలని ఉంది, ఊరికే తలూపడం కాదు. తిన్నెలు కావాలన్నది దాని కోసం.

మేనమామ: ముందే ఈ మాట చెప్పొచ్చు కదే, నేను ఫోటోల కోసమనుకుంటున్నా.

మేనకోడలు: ఫోటోలు కూడా కావాలి, డ్రోన్ షాట్ ఒకటి.

మేనమామ: డ్రోన్ మాత్రం ఆశపెట్టుకోకు, సరిహద్దు జిల్లా, ఊరికి ఆనుకునే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, ముందు కలెక్టరాఫీసులో పర్మిషన్ అడగాలి, ఇవ్వకపోతే ఇవ్వరు. అన్నట్టు ఆ ఫోటోగ్రాఫర్ పంపిన లిస్టులో బడాబాగ్ కూడా ఉంది, చూశావా? చాలా మంది అక్కడ షూట్ చేసుకుంటారు, అందంగానే ఉంటుంది, కానీ అవి జైసల్మేర్ రాజులు మహారావళ్లని దహనం చేసిన చోట కట్టిన ఛత్రీలు, స్మారక మండపాలు. పెళ్లి బట్టల్లో నువ్వక్కడ నిలబడటం నాకిష్టం లేదు.

మేనకోడలు: అయ్యో, అది నాకు తెలీదు. తీసేయిస్తాను.

మేనమామ: అరుంధతి దగ్గరకొద్దాం. చీకటి కావాలంటే తిన్నె ఎక్కక్కర్లేదు కదా, ఊరికి దూరంగా సామ్ రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు దాటిన హోటల్ అయితే అక్కడా చీకటే. హాలు లోపల ముహూర్తం, గట్టిమేళం, హోమం, తాతయ్య వెచ్చగా కూచుంటాడు. అయ్యాక నిన్నూ అబ్బాయినీ డాబా మీదకి తీసుకెళ్దాం, ఆ పది నిమిషాలు హోటల్ బయటి లైట్లన్నీ ఆర్పించాలి, అది అగ్రిమెంట్‌లో రాయించుకుందాం.

మేనకోడలు: లైట్లు ఆర్పుతారా వాళ్లు? వేరే గెస్టులు ఉంటారుగా.

మేనమామ: రూములన్నీ మనమే తీసుకుంటే ఆర్పుతారు. పెద్దదానిలో సగం రూములు తీసుకునే కంటే చిన్న హోటల్ మొత్తం తీసుకోవడం మేలు. ఇంకో క్లాజ్ కూడా కావాలి, 2025 మేలో సరిహద్దులో గొడవ మొదలైనప్పుడు 32 ఎయిర్‌పోర్టులు మూసేశారు, జైసల్మేర్, జోధ్‌పూర్ రెండూ అందులో ఉన్నాయి. అలాంటిదేమన్నా జరిగితే అడ్వాన్స్ వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అన్నది ముందే కాగితం మీద ఉండాలి.

మేనకోడలు: అది ఏ వెన్యూ అయినా రాయించాల్సిందే. మరి తిన్నెల మీద ఏమీ లేదా?

మేనమామ: సంగీత్ అక్కడ పెట్టుకో, ముందు రోజు నాలుగింటికి బస్సుల్లో వెళ్లి, పొద్దు వాలాక మాంగణియార్ల పాట విని, తొమ్మిదికల్లా వెనక్కి. మైకు లేకుండా విందాం, వాళ్ల గొంతుకి మైకు అక్కర్లేదు. రాలేని పెద్దవాళ్లు హోటల్లో ఉంటారు.

మేనకోడలు: అయితే ఓకే, కానీ నాదొక షరతు. పౌర్ణమి ముందు మూడు రోజుల్లో వద్దు. డెజర్ట్ ఫెస్టివల్ మాఘ పౌర్ణమికే జరుగుతుంది, ఊరంతా నిండిపోతుంది, రూములు దొరకవు, దొరికినా వెన్నెల్లో అరుంధతి ఏం కనిపిస్తుంది? అమావాస్యకి దగ్గర్లో మంచి రోజేదన్నా ఉందేమో చూడమందాం.

మేనమామ: పంతులుగారికి ఎలాగూ ఫోన్ చెయ్యాలి. ఆయన పెట్టిన ఒంటిగంటా నలభై హైదరాబాద్‌కి కట్టిన వృశ్చిక లగ్నం. జైసల్మేర్ మనకి ఏడున్నర డిగ్రీలు పడమరకి ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అరగంట వెనక, మన గడియారంలో ఒంటిగంటా నలభై అయ్యేసరికి అక్కడ ఇంకా తుల నడుస్తుండొచ్చు. ఆ ఊరికి మళ్లీ లెక్క కట్టి, పౌర్ణమి తప్పించి రెండు మూడు తేదీలు ఇమ్మను. ఆ తేదీలు వచ్చే దాకా ఏ హోటల్‌కీ రూపాయి కట్టొద్దు.

మేనకోడలు: కొబ్బరికాయలు, అరటిపిలకలు, మావిడాకులు ఇక్కణ్నించే తీసుకెళ్లాలి కదా?

మేనమామ: అన్నీ ఇక్కణ్నించే, సన్నాయి మేళంతో సహా. వాళ్లకి ట్రైన్ టికెట్లు నేను చూస్తా, నువ్వు ముందు పంతులుగారికి చెయ్.