పేరు గొప్ప హెడ్‌ఫోన్లు
సంగీతప్రియులందరూ మెచ్చుకునే హెడ్‌ఫోన్లని నమ్మి, మూడు నెలలు డబ్బు కూడబెట్టి కొన్న నాకు, మృదంగం ఎడమ వైపు నుంచి రావలసిన గుంకీ అనే లోతైన మంద్రనాదం సగమైనా వినిపించకపోవడం నిజంగా బాధ కలిగిస్తోంది. వెనుక భాగం తెరిచి ఉండే ఈ రకంలో 100 హెర్ట్జ్‌కు దిగువన మంద్రధ్వనులు క్రమంగా పలచబడటం సాధారణమని, 300 ఓమ్‌ల ఇంపీడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం) ఉన్నవాటికి ఫోన్ ఇచ్చే వోల్టేజి తరచుగా చాలదని, పొగిడినవారిలో ఒక్కరైనా ముందే చెప్పి ఉండవలసింది. ఆంప్లిఫయర్ కూడా కొన్నాను. శబ్దం పెరిగింది గాని మంద్రం రాలేదు. తంబురా శ్రుతి మాత్రం ఎంతో స్వచ్ఛంగా ఉందని ఒప్పుకుంటాను. కానీ గాయని పలికే ప్రతి సకారమూ చెవిలో సూదిలా గుచ్చుకుంటుంటే కచేరీ పూర్తిగా వినడం ఎలా సాధ్యం? అలవాటవుతుందన్నారు. రెండు నెలలు విన్నాను, అలవాటు కాలేదు.