గడువు పెట్టి సాధించిన సమానత్వం

స్త్రీ పురుషులకు సమాన హక్కులుంటాయన్న జర్మనీ రాజ్యాంగ వాక్యం దానంతట అది వచ్చి చేరలేదు. న్యాయవాది ఎలిజాబెత్ జెల్బెర్ట్ పట్టుదల లేకపోతే 1949లో ఆ మాట అంత సూటిగా రాజ్యాంగంలోకి ఎక్కేది కాదని మా విశ్వాసం.

ఆమె 1896లో కాసెల్ నగరంలో, ఒక జైలు ఉద్యోగి ఇంట పుట్టారు. నలుగురు ఆడపిల్లలున్న ఆ కుటుంబానికి పై చదువు చెప్పించే స్తోమత లేదు. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసి, సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరి, ఇద్దరు బిడ్డల తల్లయిన తరవాతే న్యాయశాస్త్రం చదివారు. నాజీలు ఆమె భర్తను కొంతకాలం నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆయన ఉద్యోగం పోయింది. స్త్రీలను న్యాయవాద వృత్తికి దూరం చేయబోతున్న తరుణంలో, 1934 చివరలో ఆమె అనుమతి పొందగలిగారు. ఇల్లు ఆమె సంపాదనతోనే గడిచింది.

యుద్ధానంతరం కొత్త రాజ్యాంగం రాయడానికి 1948లో బాన్ నగరంలో సమావేశమైన 65 మంది సభ్యుల్లో స్త్రీలు నలుగురే. వారిలో జెల్బెర్ట్ ఒకరు. అంతకుముందరి వైమార్ రాజ్యాంగం స్త్రీలకు పౌరహక్కుల్లో మాత్రమే, అదీ ‘సూత్రప్రాయంగా’ సమానత్వం ఇచ్చింది. ఇంట్లో భర్త మాటే చెల్లుతుందన్న పౌరస్మృతి జోలికి పోలేదు. జెల్బెర్ట్ కోరింది అన్ని రంగాల్లోనూ సమానత్వం. అలా రాస్తే కుటుంబ చట్టమంతా ఒక్కరోజులో చెల్లకుండా పోతుందని సభ్యులు భయపడ్డారు. డిసెంబరులో ఆ సభ ప్రధాన సంఘంలో ప్రతిపాదన వీగిపోయింది.

ఆమె ఊరూరా తిరిగి స్త్రీలకు సంగతి వివరించారు. మహిళా సంఘాలు, కార్మిక స్త్రీలు, రాష్ట్ర శాసనసభల మహిళా సభ్యులు బాన్‌కు ఉత్తరాల వర్షం కురిపించారు. 1949 జనవరి 18న అదే ప్రధాన సంఘం ఆ వాక్యాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. నెల కిందటి వాదనలు ఎక్కడికి పోయాయి? న్యాయం తెలియక కాదు, అడిగేవారు లేరన్న ధీమాతోనే ఆ సభ్యులు కాదన్నారని మేము భావిస్తున్నాం. చట్టాలు అయోమయమవుతాయన్న భయానికీ విరుగుడు దొరికింది: సమానత్వానికి విరుద్ధమైన చట్టాలు 1953 మార్చి 31 దాటి చెల్లవని 117వ అధికరణంలో రాశారు.

పార్లమెంటు ఆ గడువును నిర్లక్ష్యం చేసింది. సవరణ చట్టం 1957లో గానీ రాలేదు. గడువు రాసి ఉండబట్టే ఈలోగా న్యాయస్థానాలు పాత నిబంధనలను పక్కన పెట్టగలిగాయి. ఆ అధికరణం విలువ అదే.

జెల్బెర్ట్‌కు మాత్రం దక్కవలసింది దక్కలేదు. జాతీయ పార్లమెంటులో ఆమెకు చోటు దొరకలేదు. రాజ్యాంగ న్యాయస్థానానికి ఆమె పేరు వినిపించినా నియామకం జరగలేదు. 1958 వరకు హెసె రాష్ట్ర శాసనసభలో ఉండి, తరవాత కాసెల్‌లో న్యాయవాదిగా కొనసాగారు. దాంపత్యం పూర్తిగా చెడిపోతే తప్పెవరిదో తేల్చకుండానే విడాకులివ్వాలని 1930లో ఆమె తన డాక్టరేట్ పరిశోధనలో వాదించారు. జర్మనీ ఆ సూత్రాన్ని 1977 జూలైలో అమలులోకి తెచ్చింది. ఇంటి బాధ్యతలకు అడ్డురాకుంటేనే భార్య ఉద్యోగం చేయవచ్చన్న నిబంధనను తొలగించిందీ ఆ సంస్కరణే. అప్పటికి ఆమెకు 80 ఏళ్లు, ఇంకా వృత్తిలోనే ఉన్నారు.