హెచ్‌ఐవీ ఉన్న తల్లికి విటమిన్లే చాలా?

"హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి విటమిన్లు చాలు, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచి ఉంచే) మందులు విషం. ఈ సంగతి హార్వర్డ్ వాళ్లే టాంజానియాలో తేల్చారు." విటమిన్లు అమ్మే మాథియాస్ రాథ్ 2005 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలో ప్రకటనలిచ్చి మరీ ఈ తరహా ప్రచారం చేశాడు. ఆ మాటను ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు కాబట్టి దాన్నీ, దానితో పాటు వినిపించే మాటల్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

"హార్వర్డ్ తేల్చింది." పరిశోధన నిజమే. 1995లో టాంజానియాలోని దారుస్సలాం నగరంలో మొదలైంది, 1,078 మంది గర్భిణులు పాల్గొన్నారు. బి, సి, ఈ విటమిన్లు వేసుకున్నవాళ్లలో బిడ్డ కడుపులోనే చనిపోవడం 39 శాతం, తక్కువ బరువుతో పుట్టడం 44 శాతం తగ్గాయి. ఇది చిన్న మేలు కాదు. కానీ అప్పట్లో ఆ తల్లులకు ఏఆర్‌టీ అందే దారే లేదు. 2004లో వచ్చిన ఫలితాలు చూడండి. విటమిన్లు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 31.1 శాతం మంది జబ్బు చివరి దశకు చేరారు లేదా చనిపోయారు. బి, సి, ఈ విటమిన్లు వేసుకున్నవాళ్లలో 24.7 శాతం. అంటే విటమిన్లు వేసుకున్నా దాదాపు నలుగురిలో ఒకరికి ఇదే గతి. దీన్ని "చాలు" అని ఎలా అంటాం? రాథ్ తమ ఫలితాలను వక్రీకరించాడని ఆ పరిశోధకులే బహిరంగంగా చెప్పారు. రాథ్ దక్షిణాఫ్రికాలో రోగుల మీద చేయించిన ప్రయోగాలు చట్టవిరుద్ధమని 2008 జూన్‌లో కేప్ హైకోర్టు తీర్పిచ్చింది.

"విటమిన్ ఏ బిడ్డకు రక్ష." నాకు ఎక్కువ భయం ఈ మాటతోనే. 1994లో మలావీలో చూస్తే, రక్తంలో విటమిన్ ఏ తక్కువున్న తల్లుల నుంచే బిడ్డలకు వైరస్ ఎక్కువగా సోకింది. దాంతో అందరికీ ఆశ పుట్టింది. అయితే జబ్బు ముదిరినా రక్తంలో విటమిన్ ఏ తగ్గుతుంది, కాబట్టి ఇచ్చి చూస్తే తప్ప అసలు సంగతి తెలియదు. దారుస్సలాంలో ఇచ్చి చూశారు. విటమిన్ ఏ అందిన తల్లుల పిల్లల్లో రెండేళ్లు వచ్చేసరికి 34.2 శాతం మందికి హెచ్‌ఐవీ సోకింది, అందని తల్లుల పిల్లల్లో 25.4 శాతం మందికి. మేలు మాట అటుంచి కీడే జరిగింది. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపడానికని విటమిన్ ఏ ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. ఇది మాత్రల గురించే, మునగాకు, క్యారెట్ మానమని కాదు.

"మందులు విషం." ఏ చికిత్సా లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. ఏఆర్‌టీ సరిగా వాడితే 5 శాతం లోపే. బి, సి, ఈ విటమిన్లు మొత్తంగా ఆ ముప్పును తగ్గించలేదు.

"డోసు పెంచితే ఇంకా మంచిది." ఏఆర్‌టీ మొదలుపెట్టిన 3,400 మందికి పైగా రోగుల మీద టాంజానియాలో ఇదీ పరీక్షించారు. అదనపు లాభం లేదు, పైగా లివర్‌కు ఇబ్బంది ఉందని సూచించే ఎంజైమ్ పెరిగింది. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు.

గర్భిణులకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్, కాల్షియం మాత్రలు మాత్రం మానొద్దు. మన ఏఆర్‌టీ సెంటర్లలో ఇచ్చే మాత్రలో డొల్యూటెగ్రావిర్ అనే మందు ఉంటే టైమ్ చూసుకోవాలి. ఖాళీ కడుపున ఐరన్, కాల్షియంతో కలిపి వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి, లేదా అన్నీ కలిపి అన్నంతో పాటు వేసుకోవచ్చు. మీకు ఏ టైమ్ కుదురుతుందో సెంటర్‌లో కౌన్సెలర్‌ను అడిగి చీటీ మీద రాయించుకోండి.